బార్జి రేడియో రాజన్న

ఒమన్‌లోని అల్ ఖౌద్‌లో మా మెస్సుకి పైన ఈమధ్య యూనివర్సిటీ విద్యార్థులు అద్దెకి దిగారు. వాళ్ళలో ఎవరికో ఎలక్ట్రిక్ గిటార్ పిచ్చి ఉంది. మధ్యాహ్నం పన్నెండు దాటిందంటే చాలు, ముందు ఒక కీచుమనే చప్పుడు వస్తుంది. ఆ వెనకే గోడలోంచి ఒక మోత దిగుతుంది. పొయ్యి మీద పప్పుగిన్నె మూత కూడా సన్నగా వణుకుతుంది. భోజనానికి వచ్చినవాళ్ళు చెవులు మూసుకుని, "తాయారక్కా, పైకెళ్ళి నాలుగు తిట్టి రారాదా" అంటారు. నా నోటి సంగతి వాళ్ళకి బాగా తెలుసు, తిట్టడానికి నాకు ఒకరి సిఫారసు అక్కర్లేదు. కాని ఆ మోత వింటే మాత్రం నా నోరు పెగలదు. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోతాను. మొన్న అలా నిలబడే ఒక గిన్నెడు పప్పు అడుగంటించాను, దాన్ని ఎవరికీ వడ్డించలేక మేమే తిన్నాం.

ఆ మోతని నాకు పరిచయం చేసిన మనిషిని నేను కళ్ళతో చూసింది ఒకే ఒక్కసారి, అదీ గంటకి మించి కాదు. అంతకుముందు పది నెలలపాటు మాత్రం రోజూ ఆయన గొంతు వింటూనే వంట చేశాను. ఆయన పేరు రాజన్న. జగిత్యాల దగ్గరి మనిషి. సముద్రంలో నిలబెట్టిన ఒక బార్జి మీద కరెంటు పని చేసేవాడు. ఆ పని చేసుకుంటూనే, ఎవరినీ అడగకుండా, ఎవరికీ చెప్పకుండా, ఒక రేడియో స్టేషన్ నడిపేవాడు.

అది చాలా ఏళ్ళనాటి మాట. మాది రాజోలు దగ్గర పల్లె. మా ఆయన సత్యం, నేను ఒకే ఏడాది ఒమన్ వచ్చాం. నేను సీబ్‌లో ఒక విల్లాలో వంటమనిషిని. ఆయన ఆ బార్జి మీద వంటవాడు. బార్జి అంటే చదునుగా ఉండే పెద్ద ఇనుప తెప్ప అనుకోండి. దాని మీద ఒక క్రేన్, నలభై మంది పడుకునే రూములు, ఒక వంటగది ఉంటాయి. సముద్రంలో రాళ్ళకట్ట కట్టడానికి దాన్ని తీరానికి కొంత దూరంలో నిలబెట్టారు. నేను మేడమీద బట్టలు ఆరేసేటప్పుడు ఆ క్రేన్ కొమ్ము కనబడేది. మొగుడు కళ్ళెదురుగానే ఉన్నాడు, చేతికి మాత్రం అందడు. బార్జి మీద ఫోన్ అందేది ఒకే ఒక్క మూలన. శుక్రవారం ఆ మూలన వరసలో నిలబడి, నాకు ఐదు నిమిషాలు మాట్లాడేవాడు. అందులో మూడు నిమిషాలు తన వంట గొప్పలే. "నా సాంబారుకి జనం వేళ్ళు నాకేస్తున్నారే తాయారూ" అనేవాడు. పెళ్ళయిన పన్నెండేళ్ళుగా ఆయన సాంబారు తింటున్నదాన్ని, పోనీలే పాపం అనుకుని ఊఁ కొట్టేదాన్ని.

ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అనీ, యజమానిని బాబా అనీ పిలుస్తాం. మా మామా వంటింట్లో ఒక పాత రేడియో ఉండేది. ఒకరోజు దానికి పట్టిన నూనె జిడ్డు గుడ్డతో తుడుస్తుంటే ముల్లు పక్కకి జరిగింది. ముందు కీచుమంది. తర్వాత ఇనపరేకుని రోడ్డు మీద ఈడ్చినట్టు ఒక సంగీతం మొదలైంది. గబగబా ఆపబోయాను. ఇంతలో ఆ గోలని చీల్చుకుని ఒక మగగొంతు వచ్చింది.

"అన్నలూ, తమ్ములూ, బువ్వ తినుకుంట ఇనుండ్రి. ఇది బార్జి రేడియో. రాజన్నను మాట్లాడుతున్న. సప్పుడు మంచిగ రాకుంటె క్రేన్ డ్రైవర్ను తిట్టుండ్రి, నన్ను గాదు."

ఓరి నాయనో, అనుకున్నాను. ఒమన్ దేశంలో, అరబ్బుల వంటింట్లో, ఎవరో తెలుగులో బువ్వ తినమంటున్నారు! గుడ్డ చేతిలోనే ఉండగా ఆ బల్ల పక్కన కూలబడ్డాను. తర్వాత్తర్వాత నాకు అర్థమైందేమిటంటే, ఆయన పాత సామాన్లు ఏరి ఒక డబ్బా తయారు చేసుకున్నాడు. దాని తీగని తీసుకెళ్ళి క్రేన్ కొమ్ము చివర కట్టాడు. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా భోజనాల వేళ కాబట్టి క్రేన్ కొమ్ము నిటారుగా నిలబడి ఉంటుంది. ఆ గంటసేపే రేడియో పలుకుతుంది. ఒంటిగంటకి కొమ్ము దించితే ఆయన గొంతు కూడా దిగిపోతుంది. తన మాట బార్జి ఆ కొస నుంచి ఈ కొసకి అందితే చాలని ఆయన అనుకున్నాడు. నీళ్ళ మీదుగా సీబ్ దాకా వస్తోందని, అక్కడొక గోదావరి మనిషి ఉల్లిపాయలు తరుగుతూ వింటోందని ఆయనకి కలలో కూడా తెలియదు.

ఆ స్టేషన్‌కి ఒకే ఒక్క రూలు. "ఒకటి మీది, ఒకటి నాది. మీ పాట అయినంక నా పాట. నా పాటకు లేసిపోయినోనికి రేపు వాని పాట ఉండది" అనేవాడు. మీది అంటే తెలుగు పాట, ఒక్కోసారి హిందీ పాట. నాది అంటే ఆ గిటార్ల గోల. దాన్ని రాక్ అంటారని ఆయన చెప్తేనే నాకు తెలిసింది. ఆయన వయసులో ఉన్నప్పుడు బొంబాయిలో ఒక హాల్లో ఎలక్ట్రీషియన్‌గా చేశాడట. అక్కడ పిల్లలు జుట్లు పెంచుకుని ఈ పాటలు పాడేవారట. ఒకనాడు పాట మధ్యలో స్పీకర్ వైరు ఊడిపోతే, అతుకు పెట్టే టైము లేక, పాట అయ్యేదాకా ఆ రెండు కొసలనీ వేళ్ళతో కలిపి పట్టుకుని కూర్చున్నాడట. పాట అయ్యాక ఆ గిటార్ అతను ఈయన్ని స్టేజి మీదికి పిలిచాడు. "గంత మంది నాకు సప్పట్లు గొట్టిండ్రు అన్నా. నా జిందగీల గా ఒక్కపారే" అన్నాడు రాజన్న రేడియోలో.

అయితే ఆయనకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆ సంగతి దాచుకునే మనిషి కూడా కాదు. "నాకు రాదు, మీకు రాదు, ఇగ పంచాదే లేదు" అని, ప్రతి పాటకీ అర్థం తనే కల్పించి చెప్పేవాడు. "ఈయన ఏమంటుండో ఎరుకేనా? లీవుకు కాయితం పెట్టి ఆర్నెల్లాయె, ఫోర్‌మన్ సంతకం పెడ్తలేడు అంటుండు. గందుకే గంతగనం ఒర్లుతుండు." ఇంకోరోజు ఒక ఆడమనిషి గొంతు చించుకుని పాడుతుంటే, "ఈమె బాత్రూంల నీళ్ళు బందయినయంటుంది" అన్నాడు. నేను నవ్వు ఆపుకోలేక చెంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయన చెప్పాక వింటే నిజంగానే నీళ్ళు లేకే అరుస్తున్నట్టుండేది. అలా అలవాటైంది నాకు ఆ సంగీతం. ఇప్పటికీ ఎవరైనా రాక్ పాట పెడితే నాకు మొదట ఫోర్‌మన్ గుర్తొస్తాడు.

ఇక మా ఆయన గుట్టంతా రట్టయింది ఆ రేడియోలోనే. "ఇయ్యాల సత్యమన్న సాంబారు చేసిండు. ముక్క దొరికినోళ్ళు చెయ్యి లేపుండ్రి, వాళ్ళకోసం ఒక పాట" అనేవాడు రాజన్న. కాసేపాగి, "ఒక్క చెయ్యి గూడ లేవలె. సత్యమన్నా, ఇంటున్నవా?" అనేవాడు. ఇంకోరోజు, "మా సత్యమన్నది గోదారి మర్యాద. చేపను కోసేటప్పుడు గూడ, ఏవండీ, కాస్త ఇటు తిరుగుతారా అంటడు" అన్నాడు. శుక్రవారం ఫోన్ రాగానే నేను మొదలుపెట్టేదాన్ని.

"ఏంటండీ, మంగళవారం సాంబారులో ముక్కల్లేవంట?"

ఆయన మెల్లగా, "నీకెవరు చెప్పారే?" అన్నాడు.

"గాలి చెప్పింది లెండి. బుధవారం అన్నం పలుకైంది కదూ?"

ఆయనకి మతిపోయింది. బార్జి మీద నాకెవరో వేగులవాళ్ళు ఉన్నారనుకుని తోటి వంటవాడితో వారం రోజులు మాట్లాడ్డం మానేశాడు. నేను మాత్రం రేడియో మాట ఎత్తలేదు. చెప్తే రాజన్న నోటికి తాళం పడుతుందని భయం. అసలు సంగతి ఇంకొకటుంది. ఆ ఇంట్లో నాకు పడక ఉంది, తిండి ఉంది, కాని నాదీ అని చెప్పుకోవడానికి ఏమీ లేదు. పన్నెండు నుంచి ఒంటిగంట వరకు ఉన్న ఆ ఒక్క గంటే నాది. దాన్ని ఎవరితోనూ పంచుకోబుద్ధి కాలేదు.

ఒకరోజు ఆయన పాట పెట్టగానే ఎవరో ఆపమని గొడవ చేసినట్టున్నారు. వెనక కేకలు వినబడ్డాయి. రాజన్న కోప్పడలేదు. "నచ్చకున్నా ఇను తమ్మీ. నీ పాట నాకు గూడ నచ్చలే, అయినా తల ఊపుకుంట ఇన్న. నాది నువ్వినాలె, నీది నేనినాలె. గంతే, దోస్తాన్ అంటె ఇంకేం లేదు" అన్నాడు. ఆ మాట నాకు పట్టుకుంది. అప్పటికి నాకూ మామాకీ రోజూ పేచీయే. ఆవిడకి నా చేతి కారం గిట్టదు, నాకు ఆవిడ ఎండునిమ్మకాయల పులుసు వాసన పడదు. ఆ మధ్యాహ్నమే ధైర్యం చేసి, వచ్చీరాని అరబ్బీలో, "మామా, వాహిద్ మాల్ ఇంతి, వాహిద్ మాల్ అనా" అన్నాను. ఒకటి మీది, ఒకటి నాది. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి పకపకా నవ్వింది. అప్పట్నుంచి వారానికి ఒకరోజు ఆ ఇంట్లో గోదావరి చేపల పులుసు. మొదటిసారి తిన్నరోజు ఆవిడ కళ్ళూ ముక్కూ తుడుచుకుంటూనే రెండోసారి వడ్డించమంది. నేనూ ఎండునిమ్మకాయకి అలవాటు పడ్డాను. తర్వాత్తర్వాత ఆవిడ కూడా పన్నెండింటికి వంటింట్లోకి వచ్చి కుర్చీ వేసుకునేది. గిటార్ మొదలవగానే తల పట్టుకుని, "మజ్నూన్, ఇతనికి పిచ్చి" అనేది. అయినా లేచి వెళ్ళేది కాదు.

పది నెలలు అలా గడిచాయి. ఒక మంగళవారం రాజన్న గొంతు ఎప్పటిలా లేదు.

"అన్నలూ, ఇయ్యాల దిల్ మంచిగ లేదు. పొద్దుగాల మన సత్యమన్న పోయిండు. గింత జల్ది పోతడని ఎవరనుకున్నరు? నిన్ననే గద నాతోటి నవ్వుకుంట మాట్లాడిండు. ఆయన సాంబారును ఎన్ని మాటలన్న! మంచి మనిషి. ఇయ్యాల ఆయన పేరు మీద ఒక పాట."

పాట మొదలైంది. అది ఏం పాటో నాకు తెలియదు. పోయిండు అన్న మాట దగ్గరే నా చెవులు మూతపడ్డాయి. మా ఊళ్ళో బయటికెళ్ళినవాణ్ణి వెళ్ళాడు అంటాం. పోయాడు అన్నామంటే పాడె కట్టాల్సిందే. చేతిలో వార్చబోతున్న అన్నం గిన్నె జారి కిందపడింది. గంజి కాళ్ళ మీద పడిందని కూడా నాకు తెలియలేదు. మామా పరుగెత్తుకొచ్చి నన్ను పక్కకి లాగింది. "సత్యం మాత్, సత్యం మాత్" అని గుండెలు బాదుకున్నాను. చచ్చిపోయాడు అనడానికి నాకు తెలిసిన అరబ్బీ అదే. "ఎవరు చెప్పారు?" అంది ఆవిడ. రేడియో చూపించాను.

ఆవిడ బాబాకి ఫోన్ చేసింది. బాబా ఎవరెవరినో పట్టుకుని కంపెనీ ఆఫీసుతో మాట్లాడాడు. ఎవరూ చనిపోలేదన్నారు. బార్జీలను లాగే టగ్గు పడవ ఒకటి దుక్మ్ రేవు వైపు వెళ్తుంటే, దాని మీది వంటవాడికి జబ్బు చేసిందట. అతని బదులు సత్యాన్ని ఎక్కించారట. మూడు రోజుల ప్రయాణం, దారిలో ఫోన్ అందదట. బాబా ఇదంతా ఎంతో నెమ్మదిగా నాకు చెప్పాడు. ఆ నెమ్మది చూసేసరికి నాకు ఇంకా నిశ్చయమైపోయింది. మా నాన్న చనిపోయినప్పుడు కూడా నాకు ఇలాగే చెప్పారు. కాస్త నలతగా ఉన్నాడు, ఒకసారి వచ్చి వెళ్ళమన్నారు. వీధి మొదట్లో అడుగుపెట్టి ఏడుపులు వినేదాకా నేను ఆ మాట నమ్ముకుని బస్సులో పళ్ళు కొనుక్కుని మరీ వచ్చాను. ఇంకోసారి అలా మోసపోదలచుకోలేదు.

మర్నాడు ఉదయం కంపెనీ నుంచి ఓబులేసు అనే టైమ్‌కీపర్ వచ్చాడు. కడప మనిషి. నాకు తెలుగులో నచ్చచెప్పమని పంపించారు. వంటింటి గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకుంటూ మొదలుపెట్టాడు.

"అక్కా, నీ మొగుడు బాగుండాడు. రాజన్న అనింది ఒకటి, నువ్వు అనుకునింది ఒకటి. వాళ్ళ పక్క పోయిండు అంటే పోయినాడని."

"నేనూ అదేగా అంటున్నది! పోయినాడనే కదా!"

"అయ్యో, అది గాదక్కా. మా కడపలో గూడా పోయినాడంటే ఉత్తగా పోయినాడని. పొయ్యి మళ్ళా వస్తాడు."

"మా ఊళ్ళో పోయినవాడు రాడు," అన్నాను. "మీరందరూ ఒకటైపోయి నాకు మెల్లమెల్లగా చెప్తున్నారు. ఆ నోటితోనే కదా పోయాడని అంది. ఆ నోటితోనే బతికున్నాడని చెప్పించు. రాజన్న చెప్తే నమ్ముతాను."

ఓబులేసు ముఖం మారిపోయింది. గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. "మీ బాబా ఫోన్లో రేడియో అన్న్యాడు గదా. అది ఎవురి రేడియో అని పైనోళ్ళు అడుగుతాండారు. లైసెన్సు లేకుండా అట్ల నడపగూడదు, పెద్ద తప్పు. బార్జి మీద నలభై మందిలో ఒక్కడు గూడా రాజన్న పేరు చెప్పలేదు. ఇంజినీరు మంచోడు, ఆ డబ్బాను సముద్రంలో పారేసి గమ్మునుండండి అన్న్యాడు. అది ఇంకొకసారి మోగిందా, రాజన్న పని అయిపోతాది. వీసా కొట్టేసి ఇంటికి పంపిస్తారు. రెండు దినాలు ఓర్చుకో అక్కా. పడవ దుక్మ్ చేరతానే నీ మొగుడే ఫోన్ చేస్తాడు."

"పంపిస్తే పంపించనీ," అన్నాను. "నా మొగుడి ప్రాణం కంటే ఆయన ఉద్యోగం ఎక్కువా? చెప్పించకపోతే నేనే ఆ బార్జి దగ్గరికి ఈదుకుంటూ వెళ్తాను."

ఓబులేసు వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమంతా రేడియో గుర్రుమంటూనే ఉంది, మాట లేదు. మర్నాడు గురువారం. పన్నెండింటికి మామా వచ్చింది. ఈసారి కుర్చీ వేసుకోలేదు, నేల మీద నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. పన్నెండుం పావు అయింది. ఇక రాడనుకున్నాను. అప్పుడు కీచుమంది.

"చెల్లె, పేరు తాయారట గద. నేను రాజన్నను. నా మాట గడ్డ దాక పోతదని నాకు ఎరుక లేకుండె. ఎరుకుంటే గా సాంబారు ముచ్చట చెప్పేటోణ్ని గాదు. మా దిక్కు పోయిండు అంటె డ్యూటికి పోయిండు, ఊరికి పోయిండు, గంతే. మీ దిక్కు వేరే తీరట, నాకు తెల్వది. తప్పు నాది. సత్యమన్నను పడవ ఎక్కిచ్చింది నేనే, సంచి అందిచ్చింది నేనే. నువ్వు పంపిన గోంగూర పచ్చడి సీసను లుంగిల సుట్టి పెట్టుకున్నడు. మేం ఎంతడిగినా ఒక్క వేలు ముట్టనియ్యలె. మనిషి బతికుండు చెల్లె. టగ్గు మీద అన్నం వండనీకి వెళ్ళాడు. వె-ళ్ళా-డు. మంచిగ అన్ననా?"

గోంగూర సీసా మాట మా ఆయన్ని దగ్గరగా చూసినవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. సీసా లుంగీలో చుట్టి దాచుకోవడం ఆయన పుట్టుబుద్ధి. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. మామాకి భాష తెలియకపోయినా నా మొహం చూసి, "అల్ హందులిల్లా" అని నన్ను దగ్గరికి తీసుకుంది.

"రూలు ప్రకారం ఒకటి మీది, ఒకటి నాది," అంటున్నాడు రాజన్న. "ఇయ్యాల రెండూ నీయే. ఏడ్వకు."

ఒక పాత తెలుగు పాట వేశాడు. అది పూర్తయింది. రెండోది మొదలై, పల్లవి దాటి చరణంలోకి వచ్చింది, ఠక్కున తెగిపోయింది. గడియారం చూశాను. ఒంటిగంట కావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. ఆ స్టేషన్ మళ్ళీ పలకలేదు.

శుక్రవారం సాయంత్రం మా ఆయన దుక్మ్ నుంచి ఫోన్ చేశాడు. "ఏమే, నేను చచ్చానని ఒమన్ అంతా టముకు వేశావంట!" అన్నాడు. బతికున్న మొగుణ్ణి అంతలా తిట్టిన ఆడదాన్ని నేనే అయ్యుంటాను. తిట్టి తిట్టి, గొంతు పోయాక, అన్నం తిన్నారా అని అడిగాను.

రాజన్నని బార్జి నుంచి దింపేశారు. టిక్కెట్టు వచ్చేదాకా వాడి కబీర్ అనే చోట ఒక వర్క్‌షాపు పైనున్న కంపెనీ రూమ్‌లో ఉంచారు. మా ఆయన తిరిగొచ్చాక ఒక శుక్రవారం మామా నాకు సెలవిచ్చి, తన కారులోనే పంపింది. చేపల పులుసు, ముక్కలు దండిగా వేసిన సాంబారు పట్టుకెళ్ళాను. ఆ గొంతుని బట్టి ఏ ఆరడుగుల మనిషో ఉంటాడనుకున్నాను. తలుపు తీసింది బక్కపలచటి పొట్టి మనిషి, తల సగం నెరిసింది, ఎడమచెవి సరిగా వినబడదట. మాట్లాడేటప్పుడు కుడిచెవి మనవైపు తిప్పేవాడు.

"సత్యమన్నా, సాంబారుల ముక్కలున్నయేందే! ఇది నువ్వు చేసింది గాదు," అన్నాడు మొదటి మాటే. ముగ్గురం నవ్వాం. తర్వాత నేను అడిగాను, ఊరెళ్ళి ఏం చేస్తారని.

"మా ఊర్ల డీజే బాక్సులున్నయి గద చెల్లె, అవి బాగుచేసుకుంట బతుకుత. పెండ్లిల నా గిటార్ పాట పెడితె మాత్రం తంతరు."

"మళ్ళీ ఇక్కడికి వచ్చే ఉపాయం లేదా అన్నా?"

"యాభై నాలుగేండ్లోణ్ని మల్ల ఎవడు తెచ్చుకుంటడు," అన్నాడు, నవ్వుతూనే. గోడ వారన ఆయన పెట్టె సర్ది, తాడు కట్టి ఉంది. దాని మీద ఒక ఆడపిల్ల పేరు, కాలేజి పేరు రాసిన కొత్త బ్యాగు ఉంది. కూతురికి ఇంకా రెండేళ్ళ చదువుందని మాటల్లో అన్నాడు. అన్నం వడ్డిస్తున్నదాన్ని గరిటె కింద పెట్టాను. "నా మూలంగానే కదన్నా ఇదంతా. నేనే కదా మీరు చెప్తే తప్ప నమ్మనన్నాను," అన్నాను.

"ఓబులేసు చెప్పిండు. గా చెల్లె నీ మాటే ఇంటదట అన్నడు, చాలు అన్న. నీకేం ఎరుక బిడ్డా? నా నౌకరి పోతదని ఎరుకుంటే అడుగుదువా?"

నేను నోరు తెరిచాను. ఇంతలో మా ఆయన, "పులుసు చల్లారిపోతోంది, వడ్డించు" అన్నాడు. వడ్డించాను. రాజన్న ముళ్ళు తీసుకుంటూ, ఒక్కో ముక్కా మెచ్చుకుంటూ తిన్నాడు. నోటి దురుసు మనిషినని పేరున్న నాకు, ఆ రోజు ఒక్క వాక్యం గొంతు దాటి రాలేదు.

ఇప్పుడు మా మెస్సుకి అన్ని జిల్లాలవాళ్ళూ వస్తారు. ఎవరి ఇంటికైనా కబురు చెప్పాల్సి వస్తే ఆ పని నాకే అప్పగిస్తారు. మనిషి బాగున్నాడు అన్న మాట ముందు చెప్పి, అవతలివాళ్ళది ఏ ఊరో అడిగి, ఆ తర్వాతే మిగతాది చెప్తాను. గోడ మీద రెండు వరసల్లో రేపటి వంట రాసి పెడతాను, ఒకటి గోదావరిది, ఒకటి తెలంగాణది. ఇవి రాజన్న దగ్గర నేర్చుకున్నవే, ఎవరడిగినా గర్వంగానే చెప్తాను.

చెప్పనిది ఒకటుంది. ఏడాదికి రెండు మూడుసార్లు ఆయన ఫోన్ చేస్తాడు. కూతురు రెండేళ్ళు ఆలస్యంగానైనా చదువు పూర్తిచేసిందని అలా ఒకసారి చెప్పాడు. మధ్యలో ఆ పిల్ల బట్టల కొట్లో పనిచేసిందట. పాత సంగతులు కదిలితే మా ఆయన, "మా తాయారు తొందరపాటు వల్లే కదన్నా" అంటాడు. రాజన్న వెంటనే అడ్డుపడి, "పాపం, చెల్లెకేం ఎరుక" అంటాడు. ఫోన్ నా చేతికిస్తే ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి పెట్టేస్తాను. ఓబులేసు ఆ రోజు వంటింటి గుమ్మంలో నాతో ఏమన్నాడో ఎవరికీ చెప్పకుండానే మన దేశం వెళ్ళిపోయాడు. ఇక ఆ మాట తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ఎరుకే రాజన్నా. నీ ఉద్యోగం పోతుందని అతను నాకు విడమరిచి చెప్పాడు, రెండు రోజులు ఓర్చుకోమని బతిమాలాడు. అంతా విన్నాకే అడిగాను.